అడిగి వెళ్లిపోయే సర్వేలు

ఏటా మార్చి 20 దగ్గర పడగానే మన పత్రికల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ప్రపంచ సంతోష నివేదికలో భారత్‌ది ఎన్నో స్థానం అన్నది ఆ వార్త. 2024లో 143 దేశాల్లో 126. 2025లో 147 దేశాల్లో 118. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదో ఏడూ మొదటి స్థానంలో నిలిచింది. నేపాల్ 92, పాకిస్తాన్ 109 అని చదవగానే టీవీ చర్చల్లో కొందరు ఇదంతా విదేశీయుల కుట్ర అంటారు, ఇంకొందరు చూశారా మన పాలన తీరు అంటారు. రెండు రోజుల్లో గొడవ సద్దుమణుగుతుంది. ఆ అంకె ఎవరిని అడిగితే వచ్చింది, ఏమని అడిగితే వచ్చింది, వచ్చాక దాన్ని పట్టుకుని ఎవరు ఏం చేయాలి అన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఈ సమీక్ష ఆ మూడు ప్రశ్నల గురించే. ప్రపంచమంతటినీ కొలిచే సర్వేలతో మొదలుపెట్టి, హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద, ఔటర్ రింగు రోడ్డు పదకొండో ఎగ్జిట్ దగ్గరున్న పెద్ద అంబర్‌పేట్ దాకా వద్దాం. ఇలాంటి అంచు ఊళ్లలోనే సర్వేల బలమూ లోపమూ రెండూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీ అయింది. 2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీలో కలిపిన 27 పట్టణ స్థానిక సంస్థల్లో అదీ ఒకటి. బోర్డు మారినంత వేగంగా బతుకు మారిందా అని అక్కడివాళ్లను అడిగిన సూచీ ఒక్కటీ లేదు.

పది మెట్ల నిచ్చెన

సంతోష నివేదిక ర్యాంకు వెనక ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. మీ ముందు ఒక నిచ్చెన ఉందనుకోండి. అడుగున సున్నా, పైన పది. పైమెట్టు మీకు సాధ్యమైన అన్నిటికన్నా మంచి బతుకు, అడుగు మెట్టు అన్నిటికన్నా అధ్వానమైన బతుకు. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీదున్నారు? అమెరికన్ పరిశోధకుడు హ్యాడ్లీ కాంట్రిల్ పలు దేశాల్లో ఈ ప్రశ్న అడిగి 1965లో పుస్తకం తెచ్చాడు. ఆ తొలి దేశాల్లో భారత్ కూడా ఉంది. 2005 నుంచి గాలప్ సంస్థ తన వరల్డ్ పోల్‌లో ఇదే ప్రశ్న అడుగుతోంది. 15 ఏళ్లు నిండినవారిని, మామూలుగా దేశానికి వెయ్యి మంది చొప్పున, పెద్ద దేశాల్లో ఇంకాస్త ఎక్కువ మందిని అడుగుతారు. మూడేళ్ల జవాబుల సగటే ఆ దేశం ర్యాంకు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. తలసరి ఆదాయం, ఆపదలో ఆదుకునేవాళ్లు ఉండటం, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, ఇష్టప్రకారం బతికే స్వేచ్ఛ, దానగుణం, అవినీతి మీద అభిప్రాయం అనే ఆరు అంశాలను కలిపి ర్యాంకు ఇస్తారని పత్రికలు రాస్తుంటాయి. అది సరి కాదు. ర్యాంకు నిచ్చెన జవాబుతోనే తేలిపోతుంది. దేశాల మధ్య తేడా ఎందుకొచ్చిందో వివరించడానికే ఆ ఆరు అంశాలు. కాబట్టి 118 అన్నది మన ఆసుపత్రులకో రోడ్లకో ఎవరో వేసిన మార్కు కాదు. మనవాళ్లే తమ బతుక్కి తాము వేసుకున్న మార్కు.

అయితే ఆ మార్కుకు అర్థమేమిటి? పెద్ద అంబర్‌పేట్ కూడలిలో ఇదే ప్రశ్న అడిగితే ఎలాంటి జవాబులు రావచ్చో ఊహించడం కష్టం కాదు. ఔటర్ పడకముందు ఎకరాల లెక్కన భూమి అమ్ముకున్న రైతు, దాన్ని తర్వాత గజాల లెక్కన కొన్నవాళ్లను చూస్తూ తన మెట్టు చెబుతాడు. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి అద్దెకుంటున్న కుటుంబం, ఊళ్లో వదిలేసి వచ్చిన బావి కింద వ్యవసాయంతో పోల్చుకుని చెబుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదివే కుర్రాడు రాబోయే నోటిఫికేషన్ని తలుచుకుని చెబుతాడు. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలాక దాని వెంటే తరలాల్సి వచ్చిన హమాలీకి రోజూ బస్సుకయ్యే ఖర్చు ముందు గుర్తొస్తుంది. నలుగురూ అయిదో మెట్టే చూపించినా ఆ నాలుగు అయిదులూ ఒకటి కావు.

తక్కువ ఫిర్యాదులు ఎక్కువ సుఖానికి గుర్తా?

ఈ చిక్కు గురించి అర్థశాస్త్రంలో అర్ధశతాబ్దంగా వాదన నడుస్తోంది. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ ఒక వైరుధ్యం చూపించాడు. ఒక దేశంలో ధనికులు పేదలకన్నా సంతోషంగా ఉన్నామంటారు కానీ, దేశం మొత్తం ధనికమవుతూ పోయినా సంతోషం ఆ లెక్కన పెరగడం లేదు. మనిషి తన సంపాదనను పక్కవాడి సంపాదనతో కొలుచుకోవడమే కారణమన్నాడు. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ ఇంకో తేడా తేల్చారు. ఆదాయం పెరిగేకొద్దీ బతుక్కి వేసుకునే మార్కు పెరుగుతూనే పోతుంది. రోజువారీ ఉల్లాసం, దిగులు మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బుతో పెద్దగా మారవు. తర్వాతి పరిశోధనలు ఈ రెండు మాటల్నీ సవాలు చేశాయి, సవరించాయి. జీవితాన్ని తూచి వేసే మార్కు వేరు, నిన్న రోజెలా గడిచిందన్న అనుభవం వేరు అన్న తేడా మాత్రం నిలిచింది.

మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అమర్త్యసేన్ ఇచ్చాడు. కేరళలో జనం ఎక్కువ ఏళ్లు బతుకుతారు, బిహార్‌లో తక్కువ. కానీ ‘మీకేమైనా జబ్బుందా’ అని అడిగితే ఉందని చెప్పేవాళ్లు కేరళలోనే ఎక్కువ, బిహార్‌లో తక్కువ. అమెరికాలో కేరళకన్నా కూడా ఎక్కువ. చదువు, ఆసుపత్రి అందుబాటులో ఉన్నవాళ్లకు తమకున్నది జబ్బని తెలుస్తుంది, దానికి మందుందనీ తెలుస్తుంది. అవి లేనిచోట నొప్పిని వయసు మీద పడటం అనుకుని ఊరుకుంటారు. లేమికి అలవాటు పడినవాళ్లు తమ కష్టాన్ని తక్కువ చేసి చెబుతారన్నది సేన్ చిరకాలంగా చేస్తున్న హెచ్చరిక. ఫ్రాన్స్ ప్రభుత్వం కోరగా స్టిగ్లిట్జ్, సేన్, ఫిటూసీ 2009లో ఇచ్చిన నివేదిక కూడా మనుషుల మాటను, కంటికి కనిపించే పరిస్థితులను పక్కపక్కన పెట్టి చూడాలనే చెప్పింది.

స్థూల జాతీయ సంతోషం అన్న మాటను ప్రపంచానికిచ్చిన భూటాన్ సంగతే చూడండి. 2011లో సంతోషాన్ని అభివృద్ధి లక్ష్యంగా గుర్తించాలని ఐక్యరాజ్యసమితి తీర్మానించడానికి చొరవ ఆ దేశానిదే. 2019 సంతోష నివేదికలో దాని స్థానం 95. తన సొంత కొలతలో తనను తాను సుఖంగా ఉన్నట్టు చూసుకునే దేశం, బయటివాళ్ల నిచ్చెన మీద నడిమి మెట్టు దగ్గర ఆగింది. రెండిట్లో ఒకటి అబద్ధమనుకోనక్కర్లేదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు.

సేన్ చెప్పిన పాఠాన్ని మన తహసీల్దారు కార్యాలయాలకు అన్వయిస్తే, అర్జీలు పెరిగాయంటే పాలన చెడిందనీ, తగ్గాయంటే బాగుపడిందనీ చెప్పేయలేం. అడిగితే దొరుకుతుందన్న ఆశ పుట్టినప్పుడూ అర్జీలు పెరుగుతాయి. తిరిగి తిరిగి విసిగిపోయినప్పుడూ తగ్గుతాయి.

ఒకే నగరం, రెండు మార్కులు

దేశాల నుంచి నగరాలకు దిగితే గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది. మెర్సర్ సంస్థ జీవన నాణ్యతా జాబితాలో 2019లో హైదరాబాద్, పుణె నగరాలు 143వ స్థానంలో ఉన్నాయి. భారతీయ నగరాల్లో అవే అన్నిటికన్నా ముందు. అంతకుముందు ఏళ్లలోనూ హైదరాబాద్‌ది అదే వరస. నాయకులు ప్రతి వేదిక మీదా ఆ మాట చెప్పుకున్నారు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్చిలో విడుదల చేసిన సులభ జీవన సూచీలో (ఈజ్ ఆఫ్ లివింగ్ 2020) పది లక్షలు దాటిన నగరాల్లో బెంగళూరు మొదటిది. హైదరాబాద్ 24వది.

మొదటి ర్యాంకా, ఇరవై నాలుగో ర్యాంకా అన్న తగవులో అర్థం లేదు. మెర్సర్ జాబితా బహుళజాతి కంపెనీల కోసం తయారవుతుంది. విదేశీ ఉద్యోగిని ఏ ఊరికి పంపితే ఎంత అదనపు భత్యం ఇవ్వాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. ఆ కొలతలో అంతర్జాతీయ పాఠశాల ఉంటుంది, హయత్‌నగర్‌లో అర్ధరాత్రి వచ్చే నల్లా ఉండదు. కేంద్రం సూచీలో స్థానికుల అభిప్రాయానికి 30 శాతం తూకం ఇచ్చారు. 111 నగరాల్లో 32 లక్షల మందికి పైగా ఆ అభిప్రాయ సేకరణలో పాల్గొన్నారు. జనం మాట ఒక్కటే తీసుకుంటే మొదట నిలిచింది భువనేశ్వర్. నాలుగో స్థానం మన కాకినాడది. అంటే హైదరాబాద్‌లో ఉన్నన్ని ఫ్లైఓవర్లు, ఐటీ టవర్లు లేని ఊరివాళ్లే తమ ఊరికి మంచి మార్కులు వేసుకున్నారు. ఊరు చేతికందే కొలతలో ఉండటం, సముద్రపు గాలి, ఇంటికీ పనికీ మధ్య దూరం తక్కువగా ఉండటం లాంటివి అందుకు కారణాలై ఉండవచ్చు. సూచీ మాత్రం ఎందుకో చెప్పదు, ఎంతో చెప్పి ఊరుకుంటుంది.

ఇందులో ఇంకో లోపం కాలానిది. ఆ అభిప్రాయ సేకరణ 2020 జనవరి 16 నుంచి మార్చి 20 దాకా జరిగింది. తర్వాత కరోనా వచ్చింది. ఆ అక్టోబరు 13, 14 తేదీల్లో హయత్‌నగర్, ఘట్‌కేసర్ ప్రాంతాల మీద ఒక్క రోజులో 30 సెంటీమీటర్ల దరిదాపు వాన కురిసింది. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో, ఎల్బీనగర్ చుట్టుపక్కల నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. సూచీ విడుదలైంది 2021 మార్చిలో. గోడల మీద నీటి మరకలు ఆరని ఇళ్లవాళ్లకు, వరదకు ముందు తామిచ్చిన మార్కు వరద తర్వాత ర్యాంకుగా తిరిగొచ్చింది.

పెద్ద అంబర్‌పేట్ విషయానికొస్తే ఆ 111 నగరాల్లో అది లేదు. నగరంలో ఉన్నవాళ్లను అడిగినప్పుడు అది నగరం కాదు, గ్రామీణ సర్వేల్లో అది గ్రామం కాదు. ఇప్పుడు నగరంలో కలిసింది కనుక లెక్కలోకి వస్తుంది. కానీ జూబ్లీహిల్స్‌తో కలిపి తీసిన సగటులో దాని గొంతు వినపడదు.

ప్రభుత్వమే అడిగినప్పుడు

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలు జనాన్ని అడగడంలో ఎవరికీ తీసిపోలేదు. తెలంగాణ ఏర్పడి మూడు నెలలు నిండకముందే, 2014 ఆగస్టు 19న, సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. రాష్ట్రమంతా ఒకే రోజు సెలవు. బస్సులు లేక, దుకాణాలు తెరవక రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయి. ముంబై, భివండీల నుంచి వలస కూలీలు పనులు మానుకుని సొంతూళ్లకు వచ్చారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుందన్న భయమే వాళ్లను రప్పించింది. అందరూ వచ్చి ఇచ్చిన ఆ వివరాలు జనం చూసుకునేలా పూర్తిగా ఎన్నడూ బయటకు రాలేదు.

పదేళ్ల తర్వాత, 2024 నవంబరు 6న, సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ, కుల సర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరి 2న ఫలితాలు ప్రకటించారు. 3 కోట్ల 54 లక్షల మందికి పైగా, అంటే 96.9 శాతం కుటుంబాల వివరాలు అందాయన్నారు. మిగిలిన 3.1 శాతంలో హైదరాబాద్ నగరవాసుల వాటా పెద్దది. అందుకే ఆ నెలలోనే మరో విడత అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. నగరంలో ఆ సర్వే ఎలా నడిచిందో చూసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. బడి వదిలాక చేతిలో ఫారాల కట్టతో వచ్చిన టీచరమ్మ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలుకోవాలి. పైకి వెళ్తే తలుపు గొలుసు తీయకుండానే ‘తర్వాత రండి’ అంటారు. తీసినవాళ్లు కులం దాకా చెప్పి, ఆదాయం, అప్పులు, ఆస్తుల దగ్గరికి రాగానే ‘ఇవన్నీ ఎందుకమ్మా మీకు’ అని ఆగిపోతారు. ఆమె తలుపు మీద స్టిక్కరు అంటించి పక్కింటికి వెళ్తుంది. నాలుగు రోజులకు ఆ స్టిక్కరు పక్కన మరో స్టిక్కరు, నల్లా బిల్లు వాళ్లది.

ఎవరికెంత ఉందో తెలుసుకోవడానికి ఇలాంటి సర్వే అవసరమే. అది అభిప్రాయ సేకరణ కాదు, జనాభా చిత్రం. చిక్కంతా ‘మా పాలన మీకు నచ్చిందా’ అని ప్రభుత్వమే అడగబోయినప్పుడు వస్తుంది. వండిన అత్తగారు పక్కనే నిలబడి కూర ఎలా ఉందని అడిగితే కొత్తకోడలు ఏం చెబుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఇది చాలా దూరం వెళ్లింది. చంద్రబాబు ప్రభుత్వం 2017లో పరిష్కార వేదిక పేరుతో 1100 కాల్ సెంటర్‌ను, రియల్ టైమ్ గవర్నెన్స్ వ్యవస్థను తెచ్చింది. పింఛను అందిందా, రేషన్ డీలరు సరిగా ఇచ్చాడా, సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి అని రికార్డు చేసిన గొంతు ఫోన్లో అడిగేది. శాఖలవారీ సంతృప్తి శాతాలు కలెక్టర్ల సదస్సుల్లో తెర మీద వెలిగేవి. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో హ్యాపీ సిటీస్ సమ్మిట్ కూడా జరిగింది. 2019 ఎన్నికల్లో తెలుగుదేశానికి 175 స్థానాల్లో వచ్చినవి 23.

తర్వాత వచ్చిన జగన్ పాలనలో గడప గడపకు మన ప్రభుత్వం, జగనన్నకు చెబుదాం కార్యక్రమాలు నడిచాయి. 2023 ఏప్రిల్‌లో వైకాపా చేపట్టిన ‘జగనన్నే మా భవిష్యత్తు’ సర్వేలో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగారు, మద్దతిచ్చేవాళ్ల చేత మిస్డ్ కాల్ ఇప్పించారు, తలుపుకూ ఫోనుకూ స్టిక్కర్లు అంటించారు. కోటికి పైగా మిస్డ్ కాల్స్ వచ్చాయని పార్టీ ప్రకటించింది. 2024లో వచ్చిన స్థానాలు 11.

రెండు పార్టీలదీ ఒకే పొరపాటు. లబ్ధి అందిందా అన్న ప్రశ్నకు వచ్చిన ‘అందింది’ని, పాలన బాగుందన్న తీర్పుగా చదువుకున్నారు. పింఛను అందినావిడ ఒకటి నొక్కడంలో మోసం లేదు. ఆమెను అడిగింది అంతే. ఊళ్లో నాయకుడి దాష్టీకం గురించో, కొడుక్కి దొరకని ఉద్యోగం గురించో ఆ ఫోన్లో నొక్కడానికి మీట లేదు. అది నొక్కే మీట అయిదేళ్లకోసారి పోలింగ్ బూత్‌లో దొరుకుతుంది. బయటి ప్రశంసలూ అంతే. 1999లో టైమ్ పత్రిక గుర్తింపు, 2000 మార్చిలో బిల్ క్లింటన్ హైదరాబాద్ రాక, విజన్ 2020 పత్రం ఇవన్నీ ఉన్న చంద్రబాబుకు 2004లో 294 స్థానాల ఉమ్మడి రాష్ట్రం ఇచ్చింది 47. తెలంగాణలో 2018లో 88 సీట్లు గెలిచిన పార్టీ 2023లో 39 దగ్గర ఆగింది.

అడగకుండానే తెలిసినవి

సర్వే చేయకుండానే జనాభిప్రాయం బయటపడిన సందర్భాలు ఈ తూర్పు హైదరాబాద్‌లో కొన్నున్నాయి. అన్నిటికన్నా దారుణమైనది 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో జరిగింది. తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే పట్టపగలు పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరూ, నిప్పంటించిన వ్యక్తీ కూడా కాలిన గాయాలతో చనిపోయారు. పట్టా పాసుపుస్తకం తగాదా కారణంగా చెప్పారు. హత్యకు ఏ సాకూ లేదు. కానీ ఆ తర్వాత వారాల తరబడి ఊళ్లలో వినిపించిన మాటలు, భూమి కాగితాల కోసం తిరిగి తిరిగి ఎంతమంది ఎంత పగ పెంచుకున్నారో చెప్పాయి. కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు గదిలో అర్జీదారులు దగ్గరికి రాకుండా అడ్డంగా తాడు కట్టారు. ప్రభుత్వం మీద జనానికున్న నమ్మకం ఎంతో, జనం మీద ప్రభుత్వానికున్న నమ్మకం ఎంతో ఆ తాడు ఒక్కటే రెండు లెక్కలూ చెప్పింది.

అక్కడి నుంచి చట్టాలు వరస కట్టాయి. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ జూన్‌లో జరిపిన రెవెన్యూ సదస్సుల్లో ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పోర్టల్ పేరు మారినా బారు తరగలేదు.

ఇంకో సందర్భం మూసీ ప్రక్షాళన పథకానిది. 2024 సెప్టెంబరు చివర చైతన్యపురి, కొత్తపేట వైపు నది ఒడ్డు ఇళ్ల మీద, తొలగించాల్సినవన్న గుర్తుగా ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసుకుంటూ సర్వే బృందాలు వెళ్లాయి. రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటి అనుమతులు, బ్యాంకు రుణం రసీదులు పట్టుకుని జనం రోడ్డెక్కారు. మూసీ శుభ్రపడాలని ఆ ఒడ్డున ఉండేవాళ్లకన్నా ఎక్కువ కోరుకునేవాళ్లు ఎవరుంటారు? దుర్వాసన పీల్చేది వాళ్లే. అయినా గోడ కొలిచినవాళ్లు గోడ వెనక ఉన్న మనిషిని ముందు పిలిచి మాట్లాడలేదు. అదే పథకం గురించి నెల ముందు కాలనీ సంఘాల్లో కూర్చుని, ఎక్కడికి పంపుతారు, పిల్లల బడి ఎలా, మిగిలిన అప్పు ఎవరు కడతారు అని మాట్లాడి ఉంటే జవాబు వేరుగా ఉండేది.

మూడోది ఓటు. 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46.55 శాతం. ఓటేయని సగానికి పైగా జనం సంతృప్తులా, విసిగినవాళ్లా, ఊళ్లో లేనివాళ్లా అన్నది ఎవరూ తేల్చలేదు. ఓటేసినవాళ్లు మాత్రం స్పష్టంగానే చెప్పారు. వరద సాయం 10,000 రూపాయల కోసం మీసేవా కేంద్రాల ముందు ఆడవాళ్లు బారులు తీరి నిలబడ్డ కొద్దిరోజులకే, నగరంలో నాలుగు డివిజన్లున్న భారతీయ జనతా పార్టీ 48కి చేరింది. ఎల్బీనగర్ నియోజకవర్గాన్ని ఊడ్చేసింది. డబ్బు పంచినా ఓటు ఎందుకు రాలేదని ఆశ్చర్యపోయిన నాయకులు, ఆ బారులో ఆరు గంటలు నిలబడి సర్వర్ డౌన్ అని వెనక్కి వచ్చినవాళ్ల కోపాన్ని లెక్కలో వేసుకోలేదు.

మాట చెల్లుతుందన్న నమ్మకం

ప్రభుత్వం మీద నమ్మకం దేని మీద నిలబడుతుందో చెప్పే మంచి ఆధారం ఒకటుంది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2023లో 30 దేశాల్లో జరిపిన సర్వేలో తమ జాతీయ ప్రభుత్వాన్ని నమ్ముతామన్నవాళ్లు 39 శాతం, నమ్మమన్నవాళ్లు 44 శాతం. అవన్నీ దాదాపు ధనిక దేశాలే. ప్రభుత్వం చేసే పనుల్లో మా మాట చెల్లుతుందని అనుకునేవాళ్లలో నమ్మకం 69 శాతం. చెల్లదనుకునేవాళ్లలో 22. ఆదాయం, వయసు, చదువు తేడాలేవీ ఇంత దూరం తేలేదు.

మన దగ్గర కూడా దీనికి సాక్ష్యం దొరుకుతుంది. 2023 డిసెంబరు 7న, అప్పటిదాకా ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెలు తీసేశారు. మర్నాడు ప్రజాదర్బార్‌కు తెల్లవారకముందే జనం వచ్చి బారులు తీరారు. అదే తర్వాత వారానికి రెండు రోజుల ప్రజావాణి అయింది. ఆ నెలాఖరున మొదలైన ప్రజాపాలనలో పది రోజుల్లో 1.25 కోట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. రాష్ట్రంలో ఉన్న కుటుంబాల సంఖ్యకన్నా ఎక్కువ. కంచె తీయగానే ఆశ పుట్టింది, అంకెలో కనిపించింది. రసీదు చేతికొచ్చిన తర్వాత ఏమైందన్నదే అసలు పరీక్ష. ఆ రసీదు నంబరు కొట్టి చూస్తే ‘పరిశీలనలో ఉంది’ అని నెలలు గడిస్తే, కంచె ఉన్నప్పటి అపనమ్మకం రెట్టింపై తిరిగొస్తుంది.

రంగారెడ్డి కలెక్టరేట్ 2022 ఆగస్టు వరకు జిల్లాలోనే లేదు, లక్డీకాపూల్‌లో ఉండేది. కొంగరకలాన్‌లో కొత్త భవనం వచ్చాక సోమవారం ప్రజావాణికి పెద్ద అంబర్‌పేట్ మనిషి నగరం అంతా దాటాల్సిన పని తప్పింది. కారున్నవాళ్లు ఔటరెక్కి వెళ్లొస్తారు. లేనివాళ్లు ఆటోలూ బస్సులూ మారి, పాసుపుస్తకం జిరాక్సు మడత పెట్టుకుని వెళ్లి, కౌంటర్ దగ్గర ముద్ర వేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరతారు. అర్జీ మళ్లీ వాళ్ల మండల కార్యాలయానికే వస్తుంది, ‘తగు చర్య నిమిత్తం’ అన్న ముద్రతో. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల బల్ల మీదికే.

ఇంకోపక్క ఊళ్లో అడిగే మనిషే లేకుండా పోయాడు. 2020 జనవరిలో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరితో ముగిసింది. ప్రత్యేకాధికారి పాలన వచ్చింది, ఏడాది తిరగకుండా విలీనమూ వచ్చింది. వీధి దీపం వెలగకపోతే కౌన్సిలరు ఇంటికెళ్లి తలుపు తట్టే వీలు పోయింది. ఎల్బీనగర్ దాకా 2018 సెప్టెంబరులో వచ్చిన మెట్రోను హయత్‌నగర్ దాకా పొడిగించడానికి ప్రతిపాదించిన 7.1 కిలోమీటర్లు 2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం పొంది ఢిల్లీ దారి పట్టాయి. ఆ మెట్రో ఎంత దూరం రావాలి, ఫ్లైఓవర్ ఎక్కడ దిగాలి, చెత్త ఎక్కడ పోయాలి అన్న వేటి మీదా ఆ ఊరివాళ్లను ఎవరూ ఓటేయమనలేదు.

తీర్పు

ఇంత సమీక్ష తర్వాత తేలేది ఇది. సంతోష సూచీలను చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. మనిషి తన బతుకు గురించి తాను చెప్పే మాటకు మించిన సాక్ష్యం లేదు. కానీ ఆ మాటను దేశం సగటుగా, నగరం సగటుగా కలిపేస్తే ఎవరికీ పనికిరాదు. పాలకుడే అడిగి పాలకుడే మార్కులు ప్రకటించుకుంటే నమ్మదగింది కాదు. అడిగినదానికి ఏం జరిగిందో చెప్పకపోతే, రెండోసారి అడగడానికి వచ్చినవాళ్లకు తలుపు గొలుసు తీయరు.

కాబట్టి మూడు పనులు చేయాలి. వార్డు స్థాయిలో ఏడాదికొకసారి, ప్రభుత్వంతో సంబంధం లేని విశ్వవిద్యాలయమో పరిశోధన సంస్థో జనాభిప్రాయం సేకరించాలి. పెద్ద అంబర్‌పేట్, కుంట్లూరు, తట్టిఅన్నారం లెక్కలు వాటికి విడిగా రావాలి. రెండోది, వచ్చిన ప్రతి అంకె పక్కనే కంటికి కనిపించే పరిస్థితి ఉండాలి. నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తున్నాయి, బస్సు ఎన్ని నిమిషాలకు వస్తోంది, అర్జీ ఎన్ని రోజుల్లో తేలింది అన్నవి. మూడోది, సంతృప్తి శాతం బదులు పరిష్కార శాతం కొలవాలి. అర్జీ తేలిందా లేదా అన్నది ఎవరి మీద ఫిర్యాదో ఆ అధికారి కాకుండా, అర్జీ పెట్టిన మనిషే చెప్పాలి. ‘పరిష్కరించాం’ అని కంప్యూటర్లో మూసేసిన ప్రతి పదింటిలో ఒకదాన్ని బయటివాళ్లు తిరిగి తనిఖీ చేయాలి.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. రేపు వార్డు ఎన్నికలకు ఓట్లడగడానికి వచ్చేవాళ్లను ఆ ప్రాంతపు ఓటర్లు ఒక్క ప్రశ్న వేస్తే చాలు: పోయిన ఏడాది మా వార్డు నుంచి ఎన్ని అర్జీలు వచ్చాయి, వాటిలో ఎన్ని తేలాయి? ఆ రెండు అంకెలు చెప్పలేని అభ్యర్థికి ఓటెయ్యనక్కర్లేదు.